మా బ్లాకు అబ్బాయి, డీ-304 అబ్బాయి

ఈ వారం నేను సమాధానం రాస్తున్న ఉత్తరం హైదరాబాదులో మియాపూర్ దాటాక ఉన్న ఒక అపార్ట్‌మెంట్ సముదాయం నుంచి వచ్చింది. రాసినవారికి యాభై రెండేళ్ళు. బ్యాంకులో ఇరవై ఆరేళ్ళు పనిచేసి స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. రెండేళ్ళుగా తమ అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. ఆమె కోరిక మేరకు ఆనవాళ్ళు దొరకకుండా బ్లాకుల అక్షరాలు, ఫ్లాటు నంబరు మార్చాను. మిగిలినదంతా ఆమె రాసినదే, క్లుప్తంగా.

ఆ సముదాయంలో మూడు బ్లాకులు ఉన్నాయి. వాటిని బీ, సీ, డీ అనుకుందాం. బీ, సీ బ్లాకులు ముందు కట్టినవి. వాటిలో చాలామంది సొంతదారులే. డీ బ్లాకు ఐదేళ్ళ తరువాత వెనుక స్థలంలో లేచింది; అందులో ముప్పాతిక మంది అద్దెకుండేవాళ్ళు. రెండేళ్ళ కిందటి వేసవిలో బోర్లు ఎండిపోయి రోజూ ట్యాంకర్లు తెప్పించుకోవలసి వచ్చినప్పుడు, "నీళ్ళు ఎక్కువ వాడేది డీ బ్లాకువాళ్ళే" అన్న మాట ఎక్కడో మొదలై, ఖర్చు ఎలా పంచుకోవాలన్న దగ్గర పెద్ద తగువైంది. అప్పటినుంచి సొంతదారుల వాట్సాప్ గ్రూపు వేరు, అందరి గ్రూపు వేరు.

సంక్రాంతి సెలవుల్లో ఒక సాయంత్రం పిల్లలు బ్లాకుల మధ్య దారిలో క్రికెట్ ఆడుతుండగా ఆమె ఉండే బీ బ్లాకులోని ఎనిమిదో తరగతి అబ్బాయి కిందపడి కుడిచేతి మణికట్టు విరిగింది. ఆ పిల్లవాడిని తన కారులో ఆసుపత్రికి తీసుకువెళ్ళింది ఈ ఉత్తరం రాసినావిడే. దారి పొడుగునా వాడు ఆమె చెయ్యి పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడట. ఆ రాత్రే సీసీటీవీలోని ముప్పై ఎనిమిది సెకన్ల ముక్క సొంతదారుల గ్రూపులోకి వచ్చింది, "డీ-304 అబ్బాయి ఎలా తోసేశాడో చూడండి" అన్న వ్యాఖ్యతో. నాలుగో రోజున ఏడుగురు సభ్యుల కమిటీలో ఆరుగురు కూర్చుని ఆ వీడియోను పదకొండుసార్లు చూశారు. డీ బ్లాకు నుంచి ఉన్న ఒకే ఒక సభ్యుడు రాత్రి డ్యూటీ వల్ల రాలేదు. ఆరుగురికీ తోపు స్పష్టంగా కనిపించింది. ఆ తొమ్మిదో తరగతి అబ్బాయిని రెండు నెలలపాటు ఆటస్థలంలోకి, క్లబ్‌హౌస్‌లోకి రానివ్వకూడదని, వైద్యం ఖర్చు కింద అయిదు వేలు కట్టించాలని తీర్మానించి, నోటీసు ప్రతిని అమెరికాలో ఉన్న ఆ ఫ్లాటు యజమానికి కూడా పంపించారు. ఆయన ఏప్రిల్ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నాడు.

ఫిబ్రవరిలో బెంగళూరు నుంచి వచ్చిన ఆమె కూతురు, ఎవరు ఏ బ్లాకో తెలియకుండా, కింద రాసిన వ్యాఖ్య చదవకుండా ఆ వీడియో చూసి, "ఇద్దరూ బంతి కోసమే పరిగెత్తారు కదమ్మా. ఆ చిన్నవాడు వెనక్కి చూస్తూ అడ్డం వచ్చి తగిలి తూలాడు. ఈ పెద్దవాడు చెయ్యి చాపింది పట్టుకోవడానికి" అంది. ఆమె మళ్ళీ చూశారు. "అండీ, నేను అబద్ధం చెప్పలేదు. నా కళ్ళతో చూశాను. ఇప్పుడు ఎన్నిసార్లు చూసినా ఆ తోపు కనిపించడం లేదు. మరి అప్పుడు నేను చూసింది ఏమిటి?" అని రాశారు. భర్త "అయిపోయిందేదో అయిపోయింది, వాళ్ళు ఎలాగూ వెళ్ళిపోతున్నారు, కదిలించకు" అంటున్నారు. చేయి విరిగిన అబ్బాయి తల్లి ఆమెకు పద్నాలుగేళ్ళ స్నేహితురాలు. తాను పక్షపాతినా, ఇప్పుడు ఏం చేయాలి, పదవికి రాజీనామా చేయడం మంచిదా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ముందుగా మీ మొదటి ప్రశ్నే తీసుకుంటాను. మిగతావన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. మీరు అబద్ధం చెప్పలేదన్న మాటను నేను పూర్తిగా నమ్ముతున్నాను. మీరు తోపును చూశారు. లేనిదాన్ని ఉన్నట్టు నటించలేదు. జరిగినదాన్ని కన్ను యథాతథంగా పట్టి మెదడుకు అప్పగిస్తుందని, పక్షపాతమంటూ ఉంటే ఆ తరువాత తీర్పులో చేరుతుందని మనమందరం అనుకుంటాం. అందుకే "కళ్ళారా చూశాను" అన్న మాటకు మన భాషలో అంత బలం. అయితే చూపు, తీర్పు అంత విడివిడిగా ఉండవని సామాజిక మనస్తత్వ శాస్త్రం డెబ్భై ఏళ్ళుగా చూపిస్తూ వస్తోంది.

మీకు జరిగినదానికి చాలా దగ్గరగా ఉన్న సంగతి ఒకటి చెబుతాను. 1951 నవంబరులో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విశ్వవిద్యాలయాల జట్ల మధ్య ఫుట్‌బాల్ ఆట చాలా మొరటుగా సాగింది. ప్రిన్స్‌టన్ జట్టు ముఖ్య ఆటగాడి ముక్కు విరిగింది. తరువాత డార్ట్‌మత్ ఆటగాడొకరి కాలు విరిగింది. తప్పు ఎవరిదన్న దానిపై రెండు విద్యాసంస్థల పత్రికలూ రెండు వేర్వేరు ఆటల గురించి రాసినట్టు రాశాయి. హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఆట ఫిల్మును రెండుచోట్లా విద్యార్థులకు చూపించి, నిబంధనలు ఎక్కడెక్కడ ఉల్లంఘించారో గుర్తించమన్నారు. డార్ట్‌మత్ విద్యార్థులకు తమ జట్టు చేసిన తప్పులు సగటున 4.3 కనిపించాయి. అదే ఫిల్ములో అదే జట్టు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ విద్యార్థులకు 9.8 కనిపించాయి. ఆ పిల్లలను ఎవరూ అబద్ధం చెప్పమనలేదు. లెక్కపెట్టమన్నారు, వాళ్ళు లెక్కపెట్టారు. 1954లో ప్రచురించిన ఆ వ్యాసంలో పరిశోధకులు తేల్చినది ఏమిటంటే, అందరికీ ఒకేలా కనిపించే "ఆట" అంటూ అక్కడ లేదు. ఎవరికి వారు చూసినదే వారికి ఆట.

ఇందులో మెదడు పాత్ర ఏమిటన్నది ఈ మధ్యకాలంలో కొంత తెలిసింది. ఆస్ట్రేలియాలో మోలెన్‌బర్గ్స్ బృందం మనుషులను అప్పటికప్పుడు రెండు జట్లుగా విడదీసి, ఇరుజట్ల వాళ్ళూ చేసే చేతి కదలికల వీడియోలు చూపించి ఏ చెయ్యి వేగంగా కదిలిందో చెప్పమంది. చాలామందికి తమ జట్టువాళ్ళ చేతులే వేగంగా కదిలినట్టు తోచాయి, నిజానికి వేగంలో తేడా లేనప్పుడు కూడా. అలా పొరబడిన వాళ్ళను, మెదడు పనిచేస్తున్న తీరును చూపే ఎఫ్ఎమ్ఆర్ఐ యంత్రంలో పరిశీలిస్తే, తేడా కనిపించింది సమాధానం చెప్పే సమయంలో కాదు, వీడియో చూస్తున్న సమయంలోనే. ఎదుటివాళ్ళ కదలికలను గ్రహించడంలో పాలుపంచుకునే ఇన్‌ఫీరియర్ పెరైటల్ లోబ్యూల్ అనే భాగం సొంత జట్టు చేతులకు ఒకలాగా, అవతలి జట్టు చేతులకు ఇంకోలాగా స్పందించింది. 2013లో ప్రచురితమైన ఈ పరిశోధన చిన్నదే, దాన్నుంచి పెద్ద సూత్రాలు లాగకూడదు. అయినా మీ ప్రశ్నకు అది దగ్గరగా వస్తుంది. డీ-304 అబ్బాయి చాపిన చెయ్యి మీకు తోస్తున్న చెయ్యిగా కనిపించడానికి మీరు ఎక్కడా "ఈ అబ్బాయిని ఇరికించాలి" అని అనుకోనక్కరలేదు. చూడడం అన్న పనిలోనే ఆ మలుపు జరిగిపోయి ఉండవచ్చు.

ఇక్కడ నాకు బాగా పట్టిచూపాలనిపించే విషయం ఒకటుంది. మీరు పదకొండుసార్లు చూశామని రాశారు. అన్నిసార్లు చూశాం కాబట్టి తొందరపడలేదు, న్యాయంగానే చేశాం అన్న ధైర్యం ఆ మాట వెనుక ఉంది. కాని ఎన్నిసార్లు చూశామన్నదాని కంటే ఎవరివైపు చూశామన్నది ముఖ్యం. 2014లో యాయెల్ గ్రానాట్, ఎమిలీ బాల్‌సెటిస్, మరి ఇద్దరు పరిశోధకులు కలిసి కొట్లాట వీడియోలు చూస్తున్నవాళ్ళ కనుపాపల కదలికలను నమోదు చేశారు. వీడియోలోని అవతలి గుంపు మనిషి మీద చూపు ఎక్కువసార్లు నిలిపినవాళ్ళలో, ఆ మనిషిని తమవాడిగా భావించినవాళ్ళకూ భావించనివాళ్ళకూ మధ్య శిక్ష విషయంలో అంతరం ఇంకా పెరిగింది. చూపు తక్కువసార్లు నిలిపినవాళ్ళలో ఆ అంతరం అంతగా లేదు. అంటే శ్రద్ధగా చూడడం వల్ల పక్షపాతం కరిగిపోలేదు, గట్టిపడింది. మీ ఆరుగురూ "డీ-304 అబ్బాయి ఎలా తోసేశాడో చూడండి" అన్న వాక్యం చదివిన తరువాతే ఆ తెర ముందు కూర్చున్నారు. పదకొండుసార్లూ మీ కళ్ళు ఎవరి చేతి మీద ఉండి ఉంటాయో ఊహించండి. మీ బ్లాకు అబ్బాయి వెనక్కి తిరిగి చూస్తూ పరిగెత్తడం మీ కూతురికి మొదటిసారే కనిపించిందంటే, ఆవిడ చూపు సూక్ష్మమని కాదు, ఆవిడకు ఎవరూ ఎక్కడ చూడాలో చెప్పలేదు.

మీ ఉత్తరంలో కులం ప్రస్తావన లేదు, మతం లేదు, ఎవరు ఏ జిల్లా నుంచి వచ్చారన్నది లేదు. "మేము అలాంటివి పాటించే మనుషులం కాము, మా మండపంలో అందరూ ప్రసాదం తీసుకుంటారు" అని మాత్రం ఒకచోట రాశారు. అవి ఏవీ లేకపోయినా ఇంత జరగగలదని నేను చెప్పదలచుకున్నాను. హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పోలండులో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైనికుడిగా జర్మన్లకు బందీగా చిక్కి బతికి బయటపడ్డాడు. వెనక్కి వచ్చేసరికి అయినవాళ్ళు దాదాపు ఎవరూ మిగలలేదు. మనుషులు "మనం", "వాళ్ళు" అని చీలడానికి కనీసం ఎంత కారణం కావాలన్నది ఆయన జీవితాంతం వదలని ప్రశ్న. 1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పద్నాలుగు, పదిహేనేళ్ళ బడిపిల్లలను ఆయన రెండు గుంపులుగా విడదీశాడు. తెర మీది చుక్కలను ఎక్కువగా అంచనా వేశారా తక్కువగానా, ఇద్దరు చిత్రకారుల్లో ఎవరి బొమ్మలు నచ్చాయి అన్నవి పేరుకు కారణాలు. నిజానికి గుంపులు యాదృచ్ఛికంగా చేసినవే. తమ గుంపులో ఎవరెవరున్నారో కూడా ఆ పిల్లలకు తెలియదు. వేరే పిల్లలకు డబ్బు పంచే పని ఇస్తే, తమకు చిల్లిగవ్వ రాకపోయినా తమ గుంపువాడికే ఎక్కువ ఇచ్చారు. అంతేకాదు, తమ గుంపుకు మొత్తంగా వచ్చేది కొంత తగ్గినా సరే, అవతలి గుంపుతో తేడా మాత్రం పెరిగేలా పంచడానికి మొగ్గారు. బీ, డీ అన్నవి గోడమీద రంగుతో రాసిన అక్షరాలే. ట్యాంకర్ల తగువు, అద్దె, సొంతం, రెండు వాట్సాప్ గ్రూపులు ఆ అక్షరాలకు బరువు తెచ్చాయి.

అయితే అక్షరాల కింద ఇంకేదైనా గీత ఉందా అన్నది మీకే తెలియాలి. నేను ఆ ఇంటివాళ్ళెవరో ఎరగను. ఒకవేళ ఉంటే, దానిని మీ మనసులోనైనా పేరుపెట్టి గుర్తించండి, ఎందుకంటే "మేము పాటించం" అనుకునే ఇళ్ళలోనే అది గుర్తింపు లేకుండా ఎక్కువ పనిచేస్తుంది. ఆ అబ్బాయి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో బడిపిల్లలకు చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చి చూశారు. కులాలు బయటపెట్టనంతసేపూ పిల్లలందరూ సమానంగానే చేశారు. అందరి ముందూ కులంతో సహా పేర్లు చదివినప్పుడు మాత్రం అణగారిన కులాల పిల్లలు తక్కువ పజిళ్ళు పూర్తిచేశారు. నలుగురిలో ఒక ముద్ర వేయించుకోవడం పిల్లల చేతికి పట్టే సంకెల. ఈ అబ్బాయి జూన్‌లో పదో తరగతిలోకి వెళ్తాడు.

మీరు పక్షపాతినా అన్న రెండో ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది" అని మనకు సామెత ఉంది. ఈ సందర్భంలో అది సరిపోదని నా అభిప్రాయం, ఎందుకంటే అది ఇదొక జబ్బని, మంచివాళ్ళకు రాదని అనిపించేలా చేస్తుంది. "కాకిపిల్ల కాకికి ముద్దు" అన్నదే దగ్గర. మీకు ఆ చిన్నవాడి మీద ప్రేమ ఉంది. వాడి నొప్పి మీ చేతిలో ఉంది. జ్యూరిక్‌లో 2010లో ఫుట్‌బాల్ అభిమానులపై జరిగిన పరిశోధనలో, తమ జట్టు అభిమాని చేతికి విద్యుత్ షాక్ తగులుతుంటే చూసినవాళ్ళ మెదడులో, సొంత నొప్పికి స్పందించే ఇన్సులా అనే భాగం బలంగా స్పందించింది. అలా స్పందించిన కొద్దీ ఆ నొప్పిలో సగం తాము పంచుకోవడానికి ముందుకొచ్చారు. అవతలి జట్టు అభిమాని విషయంలో ఆ స్పందన తగ్గింది. ప్రేమ, పక్షపాతం వేర్వేరు అరల్లో ఉండవు. మీరు చెడ్డవారని నేను అనను. తెలియక చేశారు కాబట్టి మీకు బాధ్యత లేదని కూడా అనను. ఫిబ్రవరిలో మీ కూతురు మాట్లాడిన రోజు వరకు అది మీకు తెలియని పొరపాటు. ఆ రోజు నుంచి తెలిసిన విషయం. ఒక అయిదువేలు, రెండు నెలల ఆట, ఒక ఇల్లు ఆ ముప్పై ఎనిమిది సెకన్ల మీద నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మీ వారు చెప్పినట్టు ఊరుకోవడం మొదటిది. ఆ సలహాను నేను కొట్టిపారేయను, సముదాయంలో ప్రశాంతత మీద ఆయనకు ఉన్న ఆదుర్దా న్యాయమైనదే. వాళ్ళు ఏప్రిల్‌లో వెళ్ళిపోతారు, మీ స్నేహం నిలుస్తుంది, కమిటీలో ఎవరి ముఖమూ మాడదు. నోటీసు మాత్రం ఫైల్లో ఉండిపోతుంది. రేపు ఇంకో అద్దె కుటుంబం పిల్లవాడి విషయంలో "అప్పుడూ ఇలాగే జరిగింది కదా" అని ఎవరో ఒకరు దాన్ని తీస్తారు. అప్పుడు ఆ కుర్చీలో ఉండేది మీరే అయితే ఏమంటారో ఇప్పుడే ఆలోచించండి.

రెండోది, మీరొక్కరే ఆ ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పడం. మీ ఉత్తరం ధోరణి చూస్తే మీ మనసు ఇటే మొగ్గుతోందని నాకు తోస్తోంది. ఇది మంచిపనే కాని, ఒంటరిగా చేస్తే మీ గుండె బరువు దిగడానికి ఎక్కువ, వాళ్ళకు తక్కువ ఉపయోగపడుతుంది. శిక్ష పదిమందికీ తెలిసేలా వేశారు. క్షమాపణ నాలుగు గోడల మధ్య చెబితే పదిమంది దృష్టిలో ఆ అబ్బాయి తోసినవాడిగానే మిగులుతాడు. ఆ తల్లిదండ్రులు కోపంతో మీ మాటను అందరి గ్రూపులో పెట్టినా వాళ్ళను తప్పుపట్టలేం. దానికి సిద్ధపడే వెళ్ళాలి.

మూడోది కష్టమైనది, నాకు ఎక్కువ న్యాయంగా కనిపించేది. కమిటీని మళ్ళీ కూర్చోబెట్టి వీడియోను తిరిగి పరిశీలించమని అడగడం. కాని అదే ఆరుగురు అదే తెర ముందు పన్నెండోసారి చూస్తే ఏమీ మారదు, పైగా పట్టుదల పెరుగుతుంది. మీ సముదాయంతో సంబంధం లేని ముగ్గురికి, వ్యాఖ్య లేకుండా, ఎవరు ఏ బ్లాకో చెప్పకుండా, "తెల్ల చొక్కా", "నీలం చొక్కా" అన్న గుర్తులతో మాత్రమే ఆ ముక్క చూపించండి. ఒకసారి ఒక పిల్లవాడినే అనుసరిస్తూ, ఇంకోసారి రెండోవాడినే అనుసరిస్తూ చూడమనండి. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే చూసింది కాగితం మీద రాయాలి. ఫలితం ఏదైనా కట్టుబడతామని కమిటీ ముందే ఒప్పుకోవాలి, ఈసారి డీ బ్లాకు సభ్యుడికి వీలైన సమయంలో. ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాను. మీకు ఇప్పుడు కనిపిస్తున్నది కూడా కూతురి మాట విన్న తరువాతి చూపే. ఆవిడ చెప్పిందే నిజమని నేను అనలేను. ముగ్గురిలో ఒకరు "తోశాడు" అనవచ్చు, ఇద్దరు "తెలియడం లేదు" అనవచ్చు. తెలియనప్పుడు శిక్ష నిలబడదు, అంతవరకు ఒప్పుకుంటే చాలు. అసలు జరిమానా వేసే అధికారం మీ నియమావళిలో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఈ దారిలో మీ స్నేహితురాలిని నొప్పించే అవకాశం ఎక్కువ. కమిటీకి చెప్పేముందు ఆమెకు చెప్పండి, ఫోనులో కాకుండా ఎదురుగా. "మీ వాడిదే తప్పు" అన్న అర్థం ఎక్కడా రాకూడదు. వాడి చేయి విరిగింది, ఆ నొప్పి నిజం, దానికి ఇంకొకరు దోషి కావలసిన అవసరం లేదు. ఆట పిల్లలు పడతారు. ఆమె కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు. పద్నాలుగేళ్ళ స్నేహం దాన్ని తట్టుకుంటుందని నేను ఆశపడుతున్నాను, హామీ ఇవ్వలేను.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా, ఆలస్యం కూడని పని ఒకటుంది. ఫ్లాటు యజమానికి మీ సంతకంతో ఉత్తరం వెళ్ళింది. "ఆ తీర్మానాన్ని పునఃపరిశీలించమని కార్యదర్శిగా నేను కోరుతున్నాను, అది తేలేవరకు దాని ఆధారంగా నిర్ణయం తీసుకోవద్దు" అని ఒక్క మెయిలు ఈ వారంలోనే పంపండి. ఆయన మనసు మార్చుకోకపోవచ్చు. కాని పరీక్షల సంవత్సరంలో ఇల్లు వెతుక్కుంటున్న కుటుంబానికి ఒక్కో వారం విలువైనదే.

రాజీనామా సంగతి. ఇప్పుడే చేస్తే మిగిలిన అయిదుగురికి ఆ వీడియోలో తోపే కనిపిస్తూ ఉంటుంది, వేరేలా చూసిన ఒక్క మనిషీ గదిలో ఉండదు. ఇది తేలేవరకు ఉండి, ఆ తరువాత మీకు ఎలా అనిపిస్తే అలా చేయండి. ఈ పునఃపరిశీలనలో మాత్రం ఓటు వేయకండి.

బ్లాకుల మధ్య ఈ గోడను ఏం చేయాలని మీరు అడగలేదు, అయినా రెండు మాటలు రాస్తాను, ఎందుకంటే మనసును ఎంత మందలించుకున్నా చూపు మారదు. గుంపుల హద్దులు మారితే మారుతుంది. జే వాన్ బావెల్ బృందం 2008లో తెల్ల, నల్లజాతి ముఖాలను కలగలిపి రెండు జట్లు చేసి, అందులో ఒకటి మీ జట్టు అని చెప్పింది. కొద్ది నిమిషాల పరిచయంతోనే మెదడులో ముఖాలను గుర్తించే ఫ్యూజిఫార్మ్ భాగం, ప్రాధాన్యాన్ని పసిగట్టే అమిగ్డాలా జాతిని వదిలి జట్టును పట్టుకున్నాయి. మీ సముదాయంలో రిపబ్లిక్ దినోత్సవానికి బ్లాకుల వారీగా క్రికెట్ పోటీలు పెడతామని రాశారు. అది మానేయండి. ఉత్తరప్రదేశ్‌లో మ్యాట్ లోవ్ అనే ఆర్థికవేత్త యువకులతో క్రికెట్ లీగులు నడిపి చూసినప్పుడు, వేరే కులంవాళ్ళతో ఒకే జట్టులో ఆడినవారికి కులం దాటిన స్నేహాలు పెరిగాయి. వేరే కులంవాళ్ళతో ప్రత్యర్థులుగా ఆడినవారికి తగ్గాయి. కలిసి ఆడించాం కదా అనుకుంటే సరిపోదు, ఎవరు ఏ వైపు నిలబడ్డారన్నదే అంతా. చీటీలు తీసి జట్లు కట్టండి.

రెండోది నీళ్ళు. 1954 వేసవిలో ముజఫర్ షెరిఫ్ ఓక్లహోమా అడవిలోని ఒక శిబిరంలో పదకొండేళ్ళ పిల్లలను రెండు గుంపులు చేసి పోటీలు పెట్టాడు. వాళ్ళు జెండాలు తగలబెట్టుకునేదాకా వెళ్ళారు. ఒకేచోట కూర్చోబెట్టి భోజనం పెట్టినా, సినిమా చూపించినా ఆ వైరం తగ్గలేదు. శిబిరానికి నీళ్ళు రావడం ఆగిపోయినప్పుడు, ఆ గొట్టం ఎక్కడ మూసుకుపోయిందో రెండు గుంపులూ కలిసి వెతకవలసి వచ్చినప్పుడు మొదటిసారి మెత్తబడ్డారు. ఒక్క పూటతో పోలేదు. అలాంటి పనులు నాలుగైదు జరిగాక తిట్లు ఆగాయి. మీ దగ్గర చీలిక వచ్చింది నీళ్ళ దగ్గరే. ఈ ఏప్రిల్‌లో ట్యాంకర్ల లెక్క చూసే పనిని, ఇంకుడుగుంతలు బాగుచేయించే పనిని బ్లాకుకు ఇద్దరి చొప్పున, అద్దెవాళ్ళు కూడా ఉండేలా ఒక బృందానికి అప్పగిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. మీటర్లు బిగిస్తే ఏ బ్లాకు ఎంత వాడుతోందో కూడా తెలిసిపోతుంది.

చివరిగా, మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నా కంట పడినది చెబుతాను. ఆరు పేజీల్లో మీ బ్లాకు అబ్బాయి పేరు, ముద్దుపేరు, వాడికి మీ చేతి చేగోడీలు ఇష్టమన్న సంగతి అన్నీ ఉన్నాయి. రెండోవాడు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ వరకు "డీ-304 అబ్బాయి", లేదా "ఆ అబ్బాయి". సూసన్ ఫిస్క్, మేరీ వీలర్ 2005లో చేసిన ఒక పరిశోధనలో తెల్లవాళ్ళకు అపరిచితుల ముఖాలు చూపించారు. వయసు అంచనా వేయమన్నప్పుడు నల్లజాతి ముఖాలకు అమిగ్డాలా ఎక్కువగా స్పందించింది. ఈ మనిషికి ఫలానా కూరగాయ ఇష్టమై ఉంటుందా అని అడిగినప్పుడు ఆ తేడా కనిపించలేదు. ఇష్టాయిష్టాలున్న ఒక మనిషిగా ఆలోచించేసరికి మెదడు గుంపు లెక్క పక్కన పెట్టింది.

అందుచేత, మీరు ఏ దారిన వెళ్ళినా సరే, ఆ ఇంటికి వెళ్ళే ముందు మీ సంఘం రిజిస్టరు తీయండి. 304 ఎదురుగా కుటుంబ సభ్యుల వివరాల గడిలో ఆ పేరు ఉంటుంది. తలుపు తీసినవాళ్ళను ఆ పేరుతోనే అడగండి, బాబు ఇంట్లో ఉన్నాడా అని.